నీలిపొగా, కంప్రెషన్ గేజీ: ఏళ్ల తరబడి వాడాక

పాత పెట్రోలు కారు ఉన్నవాళ్ల దగ్గర ఒక కంప్రెషన్ గేజి, అంటే ఇంజిన్ సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూపించే పరికరం, ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. నాది స్పార్క్ ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో బిగించే మామూలు రకమే. దాని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క విషయం వల్ల: సెల్ఫ్ ఆపాక కూడా ముల్లు ఎక్కినచోటే నిలబడుతుంది. హోస్ చివర ఉన్న చిన్న వాల్వు గాలిని వెనక్కి పోనివ్వదు. అందుకే కార్లో కూర్చుని సెల్ఫ్ కొట్టి, తీరిగ్గా దిగివచ్చి రీడింగ్ రాసుకోవచ్చు. పక్కన ఇంకో మనిషి అక్కర్లేదు.

దీని విలువ నాకు బాగా తెలిసొచ్చింది కారు నీలిపొగ వదలడం మొదలుపెట్టాక. పొద్దున స్టార్ట్ చేయగానే ఒకసారి గుప్పుమనేది. సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి కదిలితే మళ్లీ గుప్పుమనేది. వేగం అందుకున్నాక మాత్రం అద్దంలో ఏమీ కనిపించేది కాదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మెల్లగా దిగుతూనే ఉంది. మెకానిక్ సైలెన్సర్ దగ్గర వాసన చూసి, "రింగులు పోయాయండీ, ఇంజిన్ దించాల్సిందే" అన్నాడు. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే, అంతవరకు ఆయన మాట నిజం. కానీ ఆ ఆయిల్ కిందినుంచి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాటి వస్తోందా, పైనుంచి వాల్వు కాడల చుట్టూ ఉండే రబ్బరు సీల్స్ (వాల్వ్ సీల్స్) గుండా జారుతోందా అన్నది పొగ రంగును బట్టి తెలియదు. కాసేపు ఐడిల్‌లో ఉంచి రేస్ ఇచ్చినప్పుడే పొగ వస్తుంటే ముందు సీల్స్‌ను అనుమానించాలి. రింగులు అరిగితే బండి బరువు లాగుతున్నప్పుడు కూడా పొగ పోతూనే ఉంటుంది. అయినా ఇంత పెద్ద ఖర్చు ముందుంటే ఉత్త అనుమానం సరిపోదు కదా, ఒకటే టెన్షన్.

ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ విప్పి, ఇగ్నిషన్, ఫ్యూయల్ పంపు పనిచేయకుండా ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాను. 165, 160, 168, 162 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి). ఏ రెండు సిలిండర్ల మధ్యా పది శాతం తేడా కూడా లేదు. తర్వాత ఒక్కో సిలిండర్‌లో ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాను. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు మూసేసి రీడింగ్ బాగా పెరగాలి. నాలుగింటిలోనూ ముల్లు పాతచోటికి కొంచెం పైన ఆగిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇంజిన్ అడుగున పోగయ్యే వాయువులను తిరిగి సిలిండర్లలోకి పంపే పీసీవీ వాల్వు కూడా విప్పి చూస్తే బాగానే ఉంది. ఇక సీల్స్ మార్పించాం, అదీ ఇంజిన్ పైభాగమైన హెడ్ దించకుండానే. ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పట్టి, వాల్వులు సిలిండర్‌లోకి జారిపోకుండా నిలిపి చేశారు. బయటికొచ్చిన పాత సీల్స్ గోరు దిగనంత గట్టిపడి, అంచులు చిట్లి ఉన్నాయి. సైలెన్సర్‌లో పేరుకున్న ఆయిల్ కాలిపోయేదాకా కొంచెం పొగ వచ్చింది, తర్వాత పూర్తిగా ఆగింది.

మా బంధువుల కారు విషయంలో మాత్రం ఇదే గేజి అంతగా తోడ్పడలేదు. రీడింగులు చక్కగా ఉన్నాయి, ఆయిల్ పోసి చూసినా తేడా లేదు. సీల్స్ మార్చినా పొగ తగ్గలేదు. చివరికి పిస్టన్లు తీస్తే ఆయిల్ రింగులు కార్బన్ పట్టి గాడిలోనే బిగుసుకుపోయి ఉన్నాయి. గేజి తెలిపేది పైనున్న కంప్రెషన్ రింగుల సంగతే, ఆయిల్ గీకే కింది రింగు గురించి అది ఏమీ చెప్పదు. అందుకే ఇప్పుడు మంచి రీడింగ్ వచ్చినా, బోరులోకి కెమెరా దించి పిస్టన్ పైభాగం ఎంత తడిగా ఉందో చూడనిదే ఏ మాటా చెప్పను. తెల్లపొగకు కూడా దీన్నొక్కదాన్నే నమ్మకూడదు. హెడ్ కింద పరిచి ఉండే హెడ్ గాస్కెట్‌లో సన్నటి లీకు ఉంటే కూలెంట్ సిలిండర్‌లోకి చేరి తగ్గుతూనే ఉంటుంది, గేజిలో మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. దానికి రేడియేటర్ ప్రెషర్ టెస్ట్ చేయించాలి. ఇక నల్లపొగ వస్తుంటే గేజి తీయకముందే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, సెన్సర్లు చూసుకోవాలి.

వాడగా వాడగా ముల్లు నిలబడడం మానేసి మెల్లగా కిందికి జారడం మొదలైంది. హోస్‌లోని వాల్వు పిన్ను అరిగింది. టైరు వాల్వు పిన్ను కూడా చూడడానికి అలాగే ఉంటుంది, అందులో సరిపోతుంది కూడా, కానీ దాని స్ప్రింగ్ గట్టిది. అది వేస్తే రీడింగులన్నీ తక్కువ చూపించి, బాగున్న ఇంజిన్‌ను కూడా చెడిపోయిందనిపిస్తుంది. గేజి కోసమే చేసిన పిన్ను విడిగా దొరుకుతుంది, అదే వేయాలి.

నా కారులో ప్లగ్గులు పైనే చేతికందుతాయి కాబట్టి నాకు ఈ పని సులువు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పితేగానీ ప్లగ్గులు కనపడని ఇంజిన్ మీదైతే గేజి కొన్నా ఎన్నిసార్లు వాడతారో ఆలోచించుకోండి. డీజిల్ కారు ఉన్నవాళ్లు ఈ రకం అసలు కొనొద్దు, అక్కడ ప్రెషర్ 300 పీఎస్ఐ దాటుతుంది, దానికి గేజి వేరే ఉంటుంది.