ఎంవీపీ రైతు బజార్‌లో గంగపాయల కూర: ఏడున్నర లోపే వెళ్లండి

విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో ఆకుకూరల వరస చివర నేల మీద గోనె పరుచుకుని కూర్చునే పెద్దావిడ దగ్గర రెండు నెలలుగా గంగపాయల కూర కొంటున్నాను. గంగవాయిలి అన్నా, పావిలి కూర అన్నా ఇదే. కట్ట పది రూపాయలు. ఏడున్నర దాటితే ఉండదు, రోజూ తీసుకురాదు కూడా, ఎందుకంటే ఇది మడి కట్టి పెంచింది కాదు, పొలం గట్ల మీద కలుపులా మొలిచింది కోసుకొస్తుంది.

"పొద్దున్నే కోసింది తల్లీ, చింతపండు తగ్గించి వెయ్యి" అంది మొదటి రోజే. నిజమే. నీరు చాలనప్పుడు ఈ మొక్క రాత్రిపూట మాలిక్ ఆమ్లం దాచుకుని పగలు వాడేసుకుంటుంది, అందుకే తెల్లవారి కోసిన ఆకు పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి చప్పబడుతుంది. కందిపప్పులో వేసి వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెడితే, తోటకూర ముట్టని మా వాడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మా అమ్మకి ఇది చలవ కూర. నోరు పూసినా, మూత్రం మంటగా ఉన్నా ఇదే వండేది, సెగ్గడ్డలకి ఆకు నూరి కట్టేది. మంట తగ్గకపోతే మాత్రం డాక్టర్ దగ్గరకి వెళ్లాల్సిందే. ఆకుకూరల్లో ఒమేగా-3 ఇంతగా ఉండేవి అరుదు, వంద గ్రాముల ఆకులో సుమారు 300 నుంచి 400 మిల్లీగ్రాములు. పొటాషియం, మెగ్నీషియం కూడా బాగానే ఉంటాయి. ఆక్సలేట్లు కూడా ఎక్కువే, అందుకే ఒకసారి కిడ్నీలో రాయి వచ్చిన మా ఆయనకి వడ్డించను. మేం తినేది కూడా ఎక్కువగా పెరుగుపచ్చడే, పెరుగులోని కాల్షియం ఆ ఆక్సలేట్‌ని కొంత పట్టేస్తుంది.

ఇసుక మాత్రం విపరీతం, మూడు నీళ్లు మార్చాలి. ఒకసారి కట్టలో వేరే మొక్క వచ్చింది. గంగపాయల కాడ ఎర్రగా, నున్నగా, కండగా ఉంటుంది, విరిస్తే నీరే వస్తుంది. దీన్ని విరిస్తే తెల్లటి పాలు కారాయి, అలాంటిది కూరలో అస్సలు పడకూడదు. మర్నాడు చెప్తే ఆవిడ ఉన్న కట్టలన్నీ విప్పి, గోనె మీద పోసి, ఒక్కో కాడా చూసి మళ్లీ కట్టింది. నాకు ఆ నమ్మకం చాలు.

పోయిన వారం ముదురు కాడలు అడిగి తెచ్చి బాల్కనీ కుండీలో గుచ్చాను, చిగురు పెట్టాయి. పప్పుకి సరిపడా కావాలంటే ఇంకా ఆవిడ దగ్గరకే వెళ్తున్నాను.