అమ్మ పట్టుచీరలు: దాచడం మేలా, కట్టడం మేలా, కత్తిరించడం మేలా?

బీరువాలో మిగిలిపోయిన అమ్మ పట్టుచీరలను ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. ఇటీవల మా ఇంట్లోనూ ఆ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది కనుక, ఉన్న దారులను ఇక్కడ బేరీజు వేస్తున్నాను.

దాచి ఉంచడమే క్షేమమని చాలామంది నమ్మకం. అయితే ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ మడత వెంబడే చిట్లుతుంది, అసలు జరీలోని వెండి గాలి తగిలి నల్లబడుతుంది. అప్పుడప్పుడూ నీడపట్టున ఆరవేసి మడత మార్చే ఓపిక లేనివారి బీరువాలో చీర భద్రంగా ఉన్నట్టే కనిపిస్తూ పాడవుతుంది.

జరీకి అమ్మితే డబ్బు వస్తుంది గాని, కొన్నవారు చీరను కాల్చి వెండిని మాత్రమే తీసుకుంటారు. జరీ రాగి తీగతో చేసినదైతే ఆ డబ్బూ పెద్దగా రాదు. స్టీలు గిన్నెలకు వేయడం నూలు చీరలకు సరే, పట్టుకు తగదు.

వృథాను తగ్గించాలన్నదే ఉద్దేశమైతే, నా దృష్టిలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చీర వల్ల ఇంట్లో ఏ కొత్త కొనుగోలు ఆగుతుంది? అవసరం లేని దిండు గలీబుల కోసం చీరను కత్తిరించి, కొత్త లైనింగు కొని, కుట్టుకూలి ఇస్తే ఏదీ ఆగదు. పైగా మంచి చీర పోతుంది. అదే చీరతో పండక్కి ఎలాగూ కొనవలసిన మనవరాలి పట్టుపావడా కుట్టిస్తే ఒక కొనుగోలు నిజంగానే ఆగుతుంది. అడుగున మడతలు వేయించి కుట్టిస్తే, పిల్ల ఎదిగేకొద్దీ వాటిని విప్పుకోవచ్చు కూడా.

అయినా నా మొగ్గు కట్టుకోవడం వైపే, ఎందుకంటే పెళ్లికి కొత్త చీర కొనకుండా అమ్మ చీర కట్టిన ప్రతిసారీ ఒక కొనుగోలు ఆగుతుంది, చీరా చీరగానే మిగులుతుంది. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మడత దగ్గర మెల్లగా లాగి చూస్తే దాని బలం తెలుస్తుంది. గట్టిగా ఉన్నవాటిని అక్కచెల్లెళ్లం పంచుకున్నాం, చిట్లినవాటిని మడత గీతలు తప్పించి పావడాలకు ఇచ్చాం. అమ్మ జాకెట్లు ఎవరికీ సరిపోలేదు కనుక, సాదా రంగు జాకెట్లు రెండు కుట్టించి అన్ని చీరల మీదికీ వాటినే వాడుకుంటున్నాం.