మూడేళ్లుగా వాడుతున్న డ్రాయింగ్ ట్యాబ్: ఆ రికార్డింగు ఒక్కదాని గురించే చెబుతాను

తెర ఎంత, బరువెంత, పెన్ను ఎంత ఒత్తిడిని పట్టుకుంటుంది, ఇవన్నీ పెట్టె మీదే రాసి ఉంటాయి. కొనేవాళ్లు ఎలాగూ చదివే కొంటారు. కంపెనీ పేరు కూడా చెప్పను. ఎందుకంటే నా గొడవంతా అందులో ఉన్న బొమ్మల యాప్‌తో, అందులోనూ ఒకే ఒక్క సదుపాయంతో. మనం గీసే ప్రతి గీతనూ అది చప్పుడు లేకుండా రికార్డు చేసుకుంటుంది. బొమ్మ పూర్తయ్యాక మొదటినుంచీ గబగబా తిప్పి చూపిస్తుంది. పదకొండు గంటల చాకిరీ రెండు నిమిషాల్లో కళ్లముందు జరిగిపోతుంది. మొదటి ఏడాది అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కూడా, దీనికోసమైనా ఈ ట్యాబ్ కొనుక్కోవచ్చని చెప్పాను. ఇప్పుడెవరైనా అడిగితే కొంచెం ఆగి చెబుతున్నాను.

నేను బి.ఎఫ్.ఎ. (లలితకళల డిగ్రీ) విద్యార్థిని. చదువు విశాఖలో, ఇల్లు కోనసీమలో అంబాజీపేట దగ్గర. ట్యాబ్ కొన్న కొత్తలో మా నాన్న రోజూ ఒకటే ప్రశ్న: "ఇది నువ్వు గీశావా, అది గీసిందా?" కాగితం మీద రంగులతో వేస్తున్నన్నాళ్లూ ఈ అనుమానం ఆయనకు రాలేదు. ఒకరోజు విసుగొచ్చి రికార్డింగు పెట్టి చూపించాను. నాన్న చూసి ఊరుకున్నారు. పక్కన కూర్చున్న మా నాయనమ్మ మాత్రం మళ్లీ తిప్పమంది. మూడుసార్లు చూసి, "ముగ్గు వేస్తుంటే చూసినట్టుందే. వేశాక చూస్తే ఏముంది, చుక్కలు ఎక్కడ పెట్టావో ఎవరికి తెలుస్తుంది" అంది. ఆ మాటతో నాకు ఆ సదుపాయం మీద మోజు ఇంకా పెరిగింది. కాలేజీలో కర్తృత్వం మీద విన్న పాఠాలన్నిటికంటే ఆ చుక్కల మాటే బాగా అర్థమైంది.

ఆ మోజు ఎక్కడ దెబ్బతిన్నదో చెబుతాను. కొంచెం పెద్ద కథ.

కిందటికి ముందు సంక్రాంతికి మా దగ్గర పట్టణంలో ఒక సంఘంవాళ్లు బొమ్మల పోటీ పెట్టారు. మన ప్రాంతపు పండుగ అనేది అంశం. నేను జగ్గన్నతోట ప్రభలు ఎంచుకున్నాను. ప్రభ అంటే వెదురు వంచి కట్టి, రంగుగుడ్డలు చుట్టి, శివుణ్ణి పెట్టి మోసుకెళ్లే ఎత్తైన కట్టడం. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ప్రభలే ఊరేగాయి. అప్పటినుంచి కోనసీమలో కుంచె పట్టిన ప్రతివాళ్లూ అవే వేస్తున్నారు, నేనేమీ మినహాయింపు కాదు. కనుమనాడు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఆ తోటకు చేరతారు. గంగలకుర్రు వైపు ప్రభలు కౌశిక నది దాటి రావాలి. నడుంలోతు నీళ్లలో, అంత ఎత్తున్న ప్రభను భుజాల మీద మోస్తూ మనుషులు దిగే ఆ క్షణమే నా బొమ్మ.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. వాళ్లలో ఒకాయనది ఫ్లెక్సులు ముద్రించే వ్యాపారం. నా బొమ్మ చూడగానే, "ఇది ఏఐ వేసింది. ఇలాంటివి మా షాపులో రోజుకు పది తీస్తాం" అన్నారు. ఏఐ వేళ్ల లెక్క తప్పుతుందని, వేళ్లు లెక్కపెడదామన్నారు. మోసేవాళ్ల చేతులకు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. అన్నిటికీ ఐదేసి ఉన్నాయి. "ఈ మధ్య వేళ్లు కూడా సరిగ్గానే వేస్తోంది లెండి" అన్నారు. ఆరువేళ్లు వేసినా తప్పే, ఐదు వేసినా తప్పే అయితే ఇక నేను ఎన్ని వేయాలి?

ట్యాబ్ తెరిచి రికార్డింగు పెట్టాను. చుట్టూ పదిమంది మూగారు. ముందు బూడిదరంగు గీతలు, తర్వాత నీళ్ల నీలం, ప్రభ మీది ఎర్రగుడ్డ. ఎడమవైపు ముందున్న మనిషి భుజం దగ్గర బొమ్మ ఆగి ఆగి కదిలింది. ఆ భుజం మీద ఎంత బరువు ఆనుతోందో నాకు ఎంతకీ చిక్కలేదు. వేస్తాను, చెరుపుతాను. మెడ పక్కన కండరం ఎత్తుగా వస్తే బరువు పైనుంచి పడినట్టు లేదు, కిందికి దించితే మనిషి అలిసిపోయినట్టుంది. మొత్తం పద్నాలుగుసార్లు చెరిపాను. వీడియోలో ఆ భుజం గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంది. ఎవరో వెనకనుంచి "పాపం" అన్నారు. ఫ్లెక్సుల ఆయన ఇంకేమీ అనలేదు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

అప్పుడు రెండో న్యాయనిర్ణేత, రిటైరైన డ్రాయింగు మాస్టారు, "ఆపమ్మా. మొదటికి తిప్పు" అన్నారు. తిప్పాను. తొమ్మిదో సెకనులో అడుగున ఒక ఫోటో లీలగా కనిపించి, దానిమీద నా గీతలు పరుచుకోగానే మాయమవుతుంది.

"అదెవరు తీసిన ఫోటో?"

"వాట్సాప్‌లో వచ్చింది మాస్టారూ. ఎవరు తీశారో తెలియదు."

ఆయనకు కోపం రాలేదు, అదే ఇబ్బంది. చిన్నగా నవ్వి, "కర్తా కారయితా చైవ ప్రేరకశ్చానుమోదకః అన్నారు కదమ్మా. చేసినవాడు, చేయించినవాడు, పురికొల్పినవాడు, ఒప్పుకున్నవాడు, పుణ్యమైనా పాపమైనా నలుగురికీ సమానమేనట. ఈ బొమ్మలో నువ్వు ఎన్నోదానివి?" అన్నారు.

నాకు ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. స్టీలు క్యారేజీ. ఇప్పటికీ హాస్టలుకు అందులోనే పులిహోర వెళ్తుంది.

నన్ను నిలబెట్టిందీ కూలదోసిందీ ఆ రెండు నిమిషాల వీడియోనే. గీసిన చెయ్యి నాదేనని తేలింది. నదిలోకి దిగుతున్న ఆ ప్రభను ఆ మూల నుంచి, ఆ క్షణంలో చూసిన కన్ను మాత్రం నాది కాదని కూడా తేలింది. ఫోటోకు కర్త దాన్ని తీసిన మనిషేనని మన 1957 కాపీరైట్ చట్టం చెబుతుంది. ఆ మనిషి పోయాక మరో 60 ఏళ్లదాకా హక్కు ఉంటుంది. ఇది నాకు తెలియని విషయమేమీ కాదు, పరీక్షలో రాసిందే. 1994 సవరణతో ఇంకో విచిత్రం కూడా ఉంది: కంప్యూటర్ పుట్టించిన కృతికి, అది పుట్టడానికి కారకుడైన మనిషే కర్త. అంటే మాస్టారి శ్లోకంలోని కారయిత చట్టంలోకి వచ్చి కర్త కుర్చీలో కూర్చున్నాడు. ఆ లెక్కన రోజుకు పది తీసే ఫ్లెక్సుల ఆయన ఆ పదింటికీ కర్తేనేమో. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

అంతకుముందు ఏడాదే రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లి, ఇంటికి వచ్చాక అభ్యాసం కోసం ఆయన స్త్రీమూర్తులను ఇదే ట్యాబ్ మీద నకలు చేశాను. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలులో చదువుకుని వచ్చి, 1925లో 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయిన మనిషి. చట్టం ప్రకారం ఆ బొమ్మలు ఇప్పుడు అందరివీ. అయినా నకలు కింద "దామెర్ల చిత్రానికి అభ్యాసం" అని శ్రద్ధగా రాసుకున్నాను. పేరు తెలిసినాయనకు అక్కర్లేకపోయినా పేరు పెట్టాను. పేరు తెలియనివాడి ఫోటో మీద గీసి కింద నా సంతకం పెట్టాను. రెండు ఫైళ్లూ ఒకే ఫోల్డరులో పక్కపక్కనే ఉన్నాయి.

ఇక అసలు చిరాకు తర్వాత మొదలైంది. ఆ యాప్ సెట్టింగులు వెతుకుతుంటే ఒక దారి దొరికింది: ఫోటోను రికార్డింగులో కనబడకుండా లోపలికి తెచ్చుకోవచ్చు. దానిమీద ఎంత గీసినా, వీడియోలో మాత్రం తెల్ల కాగితం మీద గీతలు పుట్టుకొచ్చినట్టే ఉంటుంది. ఇది దొంగతనం కోసం పెట్టింది కాదు. సొంత పిల్లల ఫోటోలు, డబ్బిచ్చి వేయించుకునేవాళ్ల ఫోటోలు బయటపడకుండా ఉండటానికని అర్థం చేసుకోగలను. కానీ నేను ఏడాదిపాటు ఊరంతా తిప్పి చూపించిన సాక్షి, చూడొద్దన్నది చూడకుండా ఉండే సాక్షి అని తేలింది. ఒకసారి నేనూ వాడాను. తరగతిలో ఇచ్చిన పని, రేపటికి ఇవ్వాలి, ధవళేశ్వరం ఆనకట్ట తలుపులు కుదరడం లేదు. ఫోటో దాచి గీశాను. వీడియో చూసి తరగతిలో మెచ్చుకున్నారు. ఆ మెప్పు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఇంకో తేడా మెల్లగా తెలిసింది. రికార్డవుతోందని తెలిశాక నా గీత మారింది. వీడియోలో అందంగా కనిపించాలని ముందే రంగులు వేసేయడం, తప్పుగీతలు రాకుండా జాగ్రత్తపడటం మొదలైంది. పద్నాలుగుసార్లు చెరిపే ధైర్యం పోయింది. పైగా చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది. గీసిన సమయమే ఉంటుంది, చూసిన సమయం ఉండదు. కిందటి కనుమకు ట్యాబ్ ఇంట్లో పెట్టి, చిన్న నోటుపుస్తకం, పెన్సిలుతో కౌశిక గట్టున నిలబడ్డాను. వరిచేలో తొక్కుడుకు కాళ్లు మడమలదాకా బురద. గంటసేపట్లో నాలుగు గీతలు గీశానేమో. భుజం సంగతి మాత్రం అప్పుడు తెలిసింది: బరువు భుజం మీద కనిపించదు, మోకాలి దగ్గర కనిపిస్తుంది. నీళ్లలో అడుగు వేసేముందు మోకాలు ఒక్క క్షణం తడబడుతుంది. నేను పద్నాలుగుసార్లు చెరిపింది తప్పు చోట.

ప్రభ కట్టడంలో మా చినమావయ్యకు చెయ్యి ఉంది. తాటి శూలాలకు పచ్చి వెదురు వంచి కట్టడం, గుడ్డ చుట్టడం ఆయన వాటా. నా దగ్గరున్న ఆ వాట్సాప్ ఫోటో చూపిస్తే గుడ్డ రంగులు చూసి ఏ ఊరి ప్రభో, ఏ సంవత్సరానిదో చెప్పేశాడు. "తీసిందెవరో కూడా చెప్పు మావయ్యా" అంటే, "కట్టినవాళ్ల పేర్లే ఎవరూ అడగరే, తీసినవాడి పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అన్నాడు.

చిన్నాచితకా సంగతులు. పెన్ను మొన ఏడాదికి అరిగింది. మా ఊరికి కొత్తది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, అందుకే రెండు తెప్పించి ఉంచుకోండి. వర్షాకాలంలో అరచేయి చెమటకు తెరమీద జారుతుంది, చిటికెనవేలికి నూలు తొడుగు కుట్టించుకున్నాను. రికార్డింగులు మెమొరీని గట్టిగానే తింటాయి, పెద్ద బొమ్మలైతే మరీ. కరెంటు పోయినప్పుడు మాత్రం ఈ ట్యాబ్‌ను మించింది లేదు.

కొనాలా వద్దా అంటే, నా పరిస్థితి వేరు. బొమ్మ నాదేనని నిరూపించుకోవాల్సిన వయసులో, చోట ఉన్నాను. ఇంట్లో నాన్న, బయట ఫ్లెక్సుల ఆయన. అలాంటివాళ్లకు ఈ రికార్డింగు పనికొస్తుంది, నాకూ పనికొచ్చింది. ఇప్పటికే పేరున్నవాళ్లకు దీనితో పనేముందో నాకు తెలియదు. నేనైతే ఇప్పుడు బొమ్మ మొదలుపెట్టేటప్పుడు రికార్డింగు ఆపేస్తాను. సగం అయ్యాక, చెరపడం అయిపోయిందనుకున్నాక, మళ్లీ పెడతాను. ఫోటో వాడితే దాచను, తీసినవాళ్ల పేరు ఫైలులో బొమ్మకు అడుగున ఉండే పొరలో రాస్తాను. ఆ ప్రభల ఫైలులో మాత్రం ఆ పొర ఇంకా ఖాళీగానే ఉంది.