స్ట్రేంజర్‌విల్ కొనాలా, బటూ కొనాలా?

ది సిమ్స్ 4 వీడియో గేమ్‌లో గొడవ తెచ్చిన కథల ప్యాక్‌లు (ఆటకు విడిగా కొనుక్కునే అదనపు భాగాలు) రెండు: 2019 ఫిబ్రవరిలో వచ్చిన స్ట్రేంజర్‌విల్, 2020 సెప్టెంబర్‌లో వచ్చిన జర్నీ టు బటూ. ఇల్లు కట్టుకుని, పెళ్లి చేసుకుని, మన కథ మనమే అల్లుకునే ఆటలో కంపెనీ రాసిన కథ ఎందుకని కొందరి వాదన. ఎన్నేళ్లని వంట చేసి నిద్రపోవాలి, ఏదో ఒక లక్ష్యం ఉండాలిగా అని మిగతావాళ్లు. ఇద్దరి మాటా కొట్టిపారేయలేం.

స్ట్రేంజర్‌విల్ ఎడారి ఊరు. జనం వింతగా నవ్వుతూ, ఒళ్లు వంకర్లు తిప్పుతూ నడుస్తుంటారు. ఆధారాలు పోగేసి, రహస్య ల్యాబ్‌లోకి దూరి, టీకా తయారు చేసి, చివరికి మదర్ ప్లాంట్ అనే రాక్షస మొక్కతో తలపడాలి. కొన్ని గంటల్లో కథ అయిపోతుంది, రెండోసారి ఆ టెన్షన్ ఉండదు. అదే పెద్ద ఫిర్యాదు. కానీ కథ ముగిశాక కూడా ఊరు మనదే. అక్కడే కాపురం పెట్టొచ్చు, సైన్యంలో ఉద్యోగం చేయొచ్చు. కథ నచ్చకపోతే పట్టించుకోకుండా బతికేయొచ్చు.

బటూ స్టార్ వార్స్ సినిమాల లోకం. రెసిస్టెన్స్, ఫస్ట్ ఆర్డర్, స్కౌండ్రెల్స్ అని మూడు వర్గాలు. ఒకరి పక్షాన మిషన్లు చేస్తూ పేరు తెచ్చుకోవాలి. లైట్‌సేబర్లు (కాంతి కత్తులు), డ్రాయిడ్లు (రోబోలు) అభిమానులకు పండగే. చిక్కంతా ఒక్కటే: అక్కడ ఇల్లు ఉండదు, సెలవులకు వెళ్లి రావాలంతే. స్టార్ వార్స్ అంటే పడనివాళ్లకు అక్కడ మిగిలేది చాలా తక్కువ.

నన్నడిగితే స్ట్రేంజర్‌విలే, అదీ డిస్కౌంట్‌లో ఉన్నప్పుడు.