భీమవరం పెళ్లికి వెళ్లేవాళ్ల కోసం: మేం దిగిన లాడ్జి

మా ఆడపడుచు కూతురి పెళ్లికి భీమవరం టౌన్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి. నా టెన్షనంతా వేడినీళ్ల గురించే. రాత్రి కౌంటర్లో చెప్పి పడుకుంటే, రెండున్నరకల్లా కుర్రాడు తలుపు కొట్టి, "గీజర్ ఆలస్యమవుద్దండి, ఇవి వాడుకోండమ్మా" అంటూ పొగలు కక్కే నీళ్ల బకెట్టు గుమ్మంలో పెట్టాడు. మా అత్తగారిని, పిల్లల్ని తెమల్చగలిగానంటే ఆ అబ్బాయి చలవే.

గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులవాళ్లుంటే కింది గది ముందే అడగండి. చెకౌట్ 24 గంటల పద్ధతి. సాయంత్రం ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి వరకూ గది మనదే. తెల్లవారుజాము పెళ్లిళ్లకి ఇదే ముఖ్యం, భోజనాలయ్యాక కాసేపు నడుం వాల్చొచ్చు.

ఊళ్లో టౌన్, జంక్షన్ అని రెండు స్టేషన్లున్నాయి. మీ రైలు ఎక్కడ ఆగుతుందో చూసుకుని గది తీసుకోండి. పెళ్లివారి కారు కోసం కూర్చోకండి, పాపం వాళ్ల హడావుడి వాళ్లది. తిరుగు రైలు రాత్రికైతే గునుపూడి సోమారామం చూసి వెళ్లండి, పంచారామాల్లో ఒకటి. టిఫిన్ మాత్రం లాడ్జిలో వద్దు, ఇడ్లీ చల్లారిపోయింది పెట్టారు.