కార్డు బ్లాక్ చేయిస్తే ఫిర్యాదు ఇచ్చినట్టు కాదట, జాగ్రత్త

ఇప్పుడే బ్యాంకు నుంచి వచ్చాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. క్రెడిట్ కార్డుతో ఆన్‌లైన్‌లో కొనేవాళ్లందరూ దయచేసి చదవండి.

పోయిన నెల 28 రాత్రి పడుకోబోతుంటే వరసగా మూడు మెసేజ్‌లు. ఏదో విదేశీ సైటు, డాలర్లలో, మొత్తం 48,600 రూపాయలు. ఓటీపీ రాలేదు, నేనెవరికీ ఏదీ చెప్పలేదు. పది నిమిషాల్లో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఇవి నేను చేసినవి కావని మొత్తుకుని కార్డు బ్లాక్ చేయించాను. "అయిపోయింది సార్, కంగారు పడకండి" అన్నాడు. నమ్మాను.

నిన్న బిల్లు వచ్చింది. ఆ మూడూ అందులోనే ఉన్నాయి. ఇవాళ బ్రాంచికి వెళ్తే కౌంటర్లో ఆయన, "మీరు బ్లాక్ మాత్రమే అడిగారు, డిస్ప్యూట్, అంటే ఆ లావాదేవీలు మీవి కావని ఫిర్యాదు, వేయలేదు. గడువు దాటింది, మీరే కట్టుకోవాలి" అన్నాడు. ఆ రాత్రి కాల్ రికార్డింగ్ వినండి సార్ అన్నాను. తల కూడా ఎత్తలేదు. "ఓటీపీ ఎవరికి చెప్పారో గుర్తు తెచ్చుకోండి" అన్నాడు, హాలంతా వినబడేలా. లైన్లో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. పదిహేనేళ్ల ఖాతా నాది. ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు.

బయట మెట్ల మీద కూర్చుని ఆర్‌బీఐ 2017 జూలై 6 సర్క్యులర్ వెతికి చదివాను. తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, మెసేజ్ అందాక మూడు పనిదినాల్లో చెబితే మన మీద రూపాయి కూడా పడదు. ఏడు పనిదినాల్లోపు చెప్పినా, 5 లక్షల వరకు లిమిట్ ఉన్న కార్డుకి గరిష్ఠంగా 10,000. మన తప్పని నిరూపించాల్సింది బ్యాంకే. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయిందంతా మనదే. ఫిర్యాదు నంబర్ వాళ్లే ఇవ్వాలని కూడా ఉంది. ఆ రాత్రి నేనది అడగలేదు. ఎప్పుడో ఒక కోర్సు ఫీజు కోసం బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ స్విచ్, అంటే విదేశీ సైట్లలో కార్డు పనిచేసేలా చేసేది, ఆన్ చేసి, మళ్లీ ఆఫ్ చేయలేదు. ఈ రెండూ తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

మళ్లీ లోపలికెళ్లి కాగితం మీద రాసిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. 30 రోజుల్లో తేల్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్తాను.

మీరు మాత్రం బ్లాక్ చేయించేటప్పుడే ఫ్రాడ్ ఫిర్యాదు రాసుకోమనండి, నంబర్ తీసుకోండి, ఆ రాత్రే మెయిల్ పెట్టండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి. ఇంటర్నేషనల్ స్విచ్ ఇప్పుడే చూసుకోండి.