పదకొండు ప్రశ్నల్లో నా అలసట: అయిదుకు రెండు నక్షత్రాలు

చికున్‌గున్యా తగ్గి మూడేళ్లయినా ఒంట్లో సత్తువ రాలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి ఒక ఆసుపత్రికి వెళ్లాను (పేరెందుకు లెండి). అలసట మీద పరిశోధనట, అలసట ఎంతుందో కొలిచే ఛాల్డర్ ప్రశ్నావళి చేతిలో పెట్టారు. 1993 నాటిది, 11 ప్రశ్నలు.

జవాబులు నాలుగే: మామూలు కంటే తక్కువ, మామూలుగానే, ఎక్కువ, చాలా ఎక్కువ. మూడేళ్లయ్యాక నా ‘మామూలు’ ఏది? బాగున్న రోజులతో పోల్చుకోమని పైన సూచన ఉంది. పక్క కుర్చీలోని పెద్దాయన అది చదవకుండా, ‘నాకు ఇదే మామూలమ్మా’ అంటూ అన్నిటికీ రెండో గడిలో టిక్కు పెట్టేశారు. లెక్క ప్రకారం ఆయనకు అలసట పెరగనే లేదు!

ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు మార్కులు; ఎక్కువ వస్తే ఎక్కువ అలసట. నాకు 33కి 31. రేపు మంచం దిగలేకపోయినా పెరగడానికి రెండు మార్కులే మిగిలాయి. మార్కులు వేసే ఇంకో పద్ధతిలో ‘ఎక్కువ’కూ ‘చాలా ఎక్కువ’కూ ఒకటే మార్కు. కొబ్బరికాయలు వలిచే మనిషికి పది కాయలకూ వందకూ ఒకే కూలి ఇచ్చినట్టుంది.

కిందటిసారి రేవు దగ్గర ఎక్కి దిగినందుకే మర్నాడంతా పడుకున్నాను. ‘ఈ రోజు పని చేస్తే రేపెలా ఉంటుంది?’ అనే ప్రశ్న ఇందులో లేదు.

మాట తడబాటు, జ్ఞాపకశక్తి గురించి అడగడం నచ్చింది. నర్సమ్మ ప్రతి ప్రశ్నా ఓపిగ్గా చదివి వినిపించారు. ఒక నక్షత్రం ఆవిడదే. వెళ్లేవారు మర్నాటి సంగతి కాగితం వెనక రాసి ఇవ్వండి. నేను అలాగే ఇచ్చాను.